బస్ టికెట్ 950, కట్టమన్నది 1,157. డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని మభ్యపెట్టే యాప్ డిజైన్లు) మీద రూల్స్ వచ్చి రెండేళ్లు దాటింది, మరి ఆపేదెవరు?

కృష్ణలంక కుర్రోడు:
మొన్న బెంగళూరు వెళ్దామని ఒక యాప్‌లో ప్రైవేటు స్లీపర్ బుక్ చేశాను. యాప్ పేరు రాయను, మోడరేటర్ గారు ఎలాగూ తీసేస్తారు. బెంజ్ సర్కిల్ దగ్గర ఎక్కాలి. సీటు మీద రేటు 950. డబ్బు కట్టే స్క్రీన్ దగ్గరికి వచ్చేసరికి 1,157 అయింది. లెక్క ఇదీ: పన్ను 48, ప్రయాణ బీమా 29, రద్దు చేసుకుంటే డబ్బు వాపసు ఇచ్చే ‘రక్షణ’ 99, పిల్లల చదువుకి విరాళం 5, సర్వీసు ఫీజు 26. బీమా, రక్షణ, విరాళం నేను అడగలేదు. వాటికి ముందే టిక్ పెట్టి ఉంది.

తీసేద్దామంటే ‘వివరాలు’ పక్కన ఒక చిన్న బాణం నొక్కాలి, అప్పుడు గానీ ఆ మూడూ కనబడవు. బీమా టిక్ తీయగానే ఒక పెట్టె పైకొచ్చింది. ‘అవును, నా ప్రయాణానికి భద్రత కావాలి’ అని ఇంత పెద్ద ఆకుపచ్చ బటన్. దాని కింద లేత బూడిద రంగులో, కళ్లు చికిలిస్తే తప్ప కనబడనంత సన్నగా, ‘వద్దు, రిస్కు తీసుకుంటాను’. ఇదంతా జరుగుతుంటే పైన ‘ఈ బస్సును 41 మంది చూస్తున్నారు, 6 నిమిషాల్లో మీ సీటు పోతుంది’ అని గడియారం పరిగెడుతోంది. యాప్ మూసి మళ్లీ తెరిచాను. గడియారం మళ్లీ 6 నుంచే మొదలైంది, 41 మందీ అలాగే ఉన్నారు.

ఇలాంటివి చేయకూడదని కేంద్రం 2023లోనే రూల్స్ పెట్టిందని చదివాను. మరి ఇంత బాహాటంగా ఎలా నడుస్తోంది? 133 రూపాయల కోసం ఫిర్యాదు చేస్తే నవ్వుతారా?

గుంటూరు ఘాటు:
నవ్వుతారు. చదివి నొక్కాలి గురూ. తుపాకీ పెట్టి కట్టించుకున్నారా?

గవర్నర్‌పేట వకీలు:
ఎవరూ నవ్వరు. మీరు చెప్పినవన్నీ దాదాపు రూల్స్‌లో పేరు పెట్టి మరీ రాసినవే.

2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అందరూ సీసీపీఏ అంటారు, డార్క్ ప్యాటర్న్స్ నివారణ, నియంత్రణ మార్గదర్శకాలు నోటిఫై చేసింది. అందులో 13 రకాలున్నాయి. అడగని బీమా, విరాళం బుట్టలో వేయడం ‘బాస్కెట్ స్నీకింగ్’. విరాళం సంగతి నిర్వచనంలోనే ఉంది. లేని తొందర పుట్టించడం ‘ఫాల్స్ అర్జెన్సీ’. వద్దన్నవాణ్ని సిగ్గుపడేలా చేయడం ‘కన్ఫర్మ్ షేమింగ్’. దానికి ఆ మార్గదర్శకాలు ఇచ్చిన ఉదాహరణ ఏంటో తెలుసా? విమాన టికెట్ల యాప్‌లో బీమా వద్దంటే ‘నేను భద్రత లేకుండానే ఉంటాను’ అని నొక్కించడం. విమానం బదులు బస్సు, అంతే తేడా. ఇక ‘వద్దు’ని లేత రంగులో దాచడం ‘ఇంటర్‌ఫేస్ ఇంటర్‌ఫియరెన్స్’ కిందికి వస్తుంది.

ఒక్క సర్వీసు ఫీజు దగ్గర మాత్రం జాగ్రత్త. కొనేటప్పుడు బయటపెట్టిన తప్పనిసరి రుసుము బాస్కెట్ స్నీకింగ్ కాదని మినహాయింపు ఉంది. కాకపోతే మొదట్లో చూపకుండా చివర్లో అతికిస్తే అది ‘డ్రిప్ ప్రైసింగ్’ అవుతుందని వాదించొచ్చు.

అసలు ముందే టిక్ పెట్టి సమ్మతి తీసుకోకూడదన్న నిబంధన ఇంకా పాతది. 2020 ఈ-కామర్స్ రూల్స్‌లోనే ఉంది.

బ్రాడీపేట బాబాయ్:
అంటే తప్పని 2020లో చెప్పారు, 2023లో మళ్లీ చెప్పారు. వీళ్లు రెండుసార్లూ విన్నారు. బాగుంది.

గుంటూరు ఘాటు:
వకీలు గారూ, రూల్స్ సంగతి కాదు నేననేది. మన బీసెంట్ రోడ్డులో ‘అమ్మా, లాస్ట్ పీసు, పొద్దుట ఇద్దరు అడిగి వెళ్లారు’ అని చెప్పని కొట్టు ఉందా? వాడి మీద ఏ సెక్షన్ పెడతారు? బేరం ఆడటం రాని వాళ్ల కోసం చట్టాలా?

అమరావతి రోడ్డు అక్క:
ఘాటు గారూ, బీసెంట్ రోడ్డులో వాడి ముఖం చూసి అబద్ధమో కాదో పసిగట్టి పక్క కొట్టుకి పోతాం. ఒకసారి కొన్నందుకు నెల నెలా మా ఇంటికొచ్చి జేబులో చెయ్యి పెట్టడు కదా.

మా నాన్నగారి సంగతి చెప్తాను. రిటైరయ్యారు, గుంటూరులోనే ఉంటారు. పొద్దున్నే పంచాంగం చూసుకోవడానికి ఒక భక్తి యాప్ వేసుకున్నారు. ‘1 రూపాయికే ప్రీమియం’ అంది. యూపీఐ పిన్ కొట్టారు. ఆయన దృష్టిలో రూపాయి ఇచ్చారు, అయిపోయింది. అది నెలకి 499 ఆటోపేకి ఒప్పుకోవడమని ఆయనకి తెలియదు. తెలిసేలా ఎక్కడా రాయలేదు కూడా. స్క్రీన్‌లో ‘1 రూపాయి’ సగం పేజీ ఉంటే, ‘ఆ తర్వాత నెలకి 499’ అన్నది బటన్ కింద మడతలో ఉంది.

ఇంకో సంగతి చూడండి. ఆ యాప్ మొత్తం చక్కటి తెలుగు. తిథి, వారం, నక్షత్రం, ‘ఇప్పుడే చేరండి’ బటన్ దాకా అంతా తెలుగే. షరతుల దగ్గరికి వచ్చేసరికి మొత్తం ఇంగ్లీషు. రద్దు చేసే దారి కూడా ఇంగ్లీషే. నేను కూర్చుని వెతికితే సెట్టింగ్స్‌లో లేదు, ఖాతాలో లేదు, ‘సహాయం’లోకి పోతే చాట్ బాట్. అది ‘ఎందుకు వెళ్లిపోతున్నారు?’ అంటుంది, తర్వాత ‘సగం ధరకే ఉండండి’ అంటుంది, తర్వాత మెయిల్ పంపమంటుంది. మా నాన్నకి మెయిల్ ఐడీయే లేదు. చేరడానికి ఒక్క పిన్ చాలింది కదా, వెళ్లడానికి ఇంత తతంగమా?

పటమట పిక్సెల్:
అక్కా, ముందు పని చెప్తాను. యాప్‌తో పోరాడకండి. నాన్నగారి ఫోన్లో ఏ యూపీఐ యాప్ నుంచి పిన్ కొట్టారో అందులో ఆటోపే అనే విభాగం ఉంటుంది. అక్కడ ఆ మాండేట్, అంటే నెల నెలా డబ్బు కోసుకోమని ఇచ్చిన అనుమతి, కనిపిస్తుంది, అక్కడే రద్దు చేయొచ్చు. భక్తి యాప్ దయ అక్కర్లేదు. అలాంటివి ఇంకేమైనా నడుస్తున్నాయేమో కూడా అదే లిస్టులో తెలుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లందరి ఫోన్లలో ఒకసారి చూడండి.

నెల నెలా డబ్బు కోసే ముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంకు రూల్ ఉంది. వచ్చే ఉంటుంది. ఎలక్ట్రిసిటీ బిల్లు, లోన్ ఆఫర్లు, ఓటీపీల మధ్య పోయుంటుంది.

అమరావతి రోడ్డు అక్క:
దొరికింది. భక్తి యాప్‌తో పాటు ఒక ‘ఇంగ్లీష్ నేర్చుకోండి’ కూడా ఉంది, మా అబ్బాయి నొక్కి ఉంటాడు. రెండూ తీసేశాను. థాంక్స్ తల్లీ. మెసేజ్ కూడా వచ్చింది, నువ్వన్నట్టే. ఇంగ్లీషులో.

వస్త్రలత వ్యాపారి:
నేను చీరల హోల్‌సేల్. రెండేళ్లుగా సొంత వెబ్‌సైట్ కూడా ఉంది. ఇక్కడ చదువుతుంటే టెన్షన్ వచ్చేసింది. మాకు సైటు కట్టిచ్చినవాడు ‘మూడే మిగిలాయి’ అనే ఎర్ర బోర్డు, కిందికి దిగే గడియారం వాడి టెంప్లేట్‌లోనే పెట్టిచ్చాడు. నేను అడగలేదు, తీయమనీ అనలేదు. ఒక్కోసారి నా దగ్గర నిజంగానే మూడే చీరలు ఉంటాయి. అప్పుడు కూడా నేరమా?

గవర్నర్‌పేట వకీలు:
నిజంగా మూడే ఉంటే నిజం చెప్పినట్టే. తప్పల్లా అబద్ధపు తొందర. బోర్డు మీ స్టాకు లెక్కకి ముడిపెట్టి ఉందా, ముప్పై ఉన్నా మూడే అంటుందా, అది చూసుకోండి. ఆఫర్ నిజంగా ఈ రాత్రికి అయిపోతే గడియారం ఉండొచ్చు. తెల్లారి మళ్లీ అదే ఆఫర్, అదే గడియారం ఉంటే ఉండకూడదు.

‘సైటు కట్టినవాడు పెట్టాడు’ అన్న మాట మాత్రం చెల్లదు. మార్గదర్శకాలు ప్లాట్‌ఫారాలకే కాదు, అమ్మేవాళ్లకీ ప్రకటనలిచ్చేవాళ్లకీ వర్తిస్తాయి. ఇండియాలో అమ్మే విదేశీ సైట్లకి కూడా.

వస్త్రలత వ్యాపారి:
గడియారం తీయించేస్తాను. బోర్డు స్టాకుకి కలపమన్నాను, వాడు ‘దానికి ఎక్స్‌ట్రా అవుతుంది సార్’ అన్నాడు.

బ్రాడీపేట బాబాయ్:
అబద్ధం ఫ్రీ, నిజానికి ఎక్స్‌ట్రా 😀

గుంటూరు ఘాటు:
సరే, ఒప్పుకున్నాను, పెద్దాయన దగ్గర కోసింది అన్యాయం. కానీ ఇంత రూల్ పెట్టి ఎవరికి ఎంత ఫైన్ వేశారు? అది చెప్పండి.

గవర్నర్‌పేట వకీలు:
మంచి ప్రశ్న. అసలు లోపం అక్కడే ఉంది.

ఈ మార్గదర్శకాల్లో సొంతంగా జరిమానా అంకె లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మీద ఆధారపడాలి. సెక్షన్ 20 కింద ఆ పద్ధతి ఆపమని, డబ్బు తిరిగివ్వమని సీసీపీఏ ఆదేశించొచ్చు. సెక్షన్ 21 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా వేయొచ్చు. ఆదేశం ధిక్కరిస్తే సెక్షన్ 88 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 20 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

ఏమీ చేయలేదనడం కూడా సరికాదు. 2024 అక్టోబరులో ఓలాని వాపసు డబ్బు కూపన్‌గా మాత్రమే కాకుండా బ్యాంకు ఖాతాలోకి తీసుకునే వీలు ఇవ్వమంది. 2025 ఆగస్టులో రాపిడోకి ‘5 నిమిషాల్లో ఆటో, లేదంటే 50 రూపాయలు’ ప్రకటన మీద 10 లక్షలు వేసింది, ఆ 50 అందనివాళ్లకి ఇవ్వమంది కూడా. కానీ 10 లక్షలంటే అంత పెద్ద కంపెనీలకి ఎంత?

అమెరికాలో అమెజాన్ ప్రైమ్ కేసు చూడండి. చేరడం తేలిక, బయటపడటం కష్టం అని అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2023లో దావా వేసింది. రద్దు చేయాలంటే నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఆప్షన్లు దాటాలని అందులో రాసింది. 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకి రాజీ అయింది. అందులో 150 కోట్లు వినియోగదారులకి వాపసు. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

గుంటూరు ఘాటు:
మరి మనకీ అలాంటి ఫైన్లు పెట్టేస్తే పోలా?

పటమట పిక్సెల్:
ఫైన్ పెరగాలి, కాదనను. కానీ నేను ఈ స్క్రీన్లు గీసే పనిలోనే ఉన్నాను కాబట్టి లోపల ఎలా జరుగుతుందో చెప్పనివ్వండి.

‘రండి, జనాన్ని మోసం చేద్దాం’ అని ఏ మీటింగులోనూ ఎవరూ అనరు. ‘ఈ క్వార్టర్‌లో క్యాన్సిలేషన్లు తగ్గించాలి’ అంటారు, అంతే. రెండు స్క్రీన్లు గీస్తాం. సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకొకటి వెళ్తుంది. దీన్ని ఏ/బీ టెస్ట్ అంటాం. ‘రద్దు’ బటన్ పైన ఉన్న స్క్రీన్లో ఎక్కువమంది వెళ్లిపోయారు, కింద ఉన్నదాంట్లో తక్కువమంది వెళ్లిపోయారు. కిందది గెలిచింది. వచ్చే నెల దాన్ని ఇంకో దాంతో పోటీ పెడతాం, రంగు ఇంకొంచెం లేతది. ఏడాది తిరిగేసరికి అక్క చెప్పిన చాట్ బాట్ దగ్గర తేలతాం. దారిలో ప్రతి అడుగూ చిన్నదే, ప్రతి అడుక్కీ లెక్కల షీటు ఉంది, బాధ్యుడు మాత్రం ఎవడూ ఉండడు.

అందుకే 2025 జూన్‌లో సీసీపీఏ ‘మూడు నెలల్లో మీ యాప్‌ని మీరే ఆడిట్ చేసుకోండి’ అన్నప్పుడు నాకు పెద్దగా ఆశ కలగలేదు. నవంబరుకి 26 పెద్ద ప్లాట్‌ఫారాలు మా దగ్గర డార్క్ ప్యాటర్న్స్ లేవని డిక్లరేషన్ ఇచ్చాయి. వాళ్లు అబద్ధం చెప్పారనట్లేదు. అసలు ఏ రోజు స్క్రీన్ చూసి చెప్పారు? ఏ సగం మందికి వెళ్లే స్క్రీన్? ఇంకో వారంలో ఇంకోటి వస్తుంది.

నన్ను అడిగితే స్క్రీన్ కాదు, టెస్టు రికార్డు అడగాలి. ఏ తేదీన ఏ స్క్రీన్ పెట్టారు, దేన్ని కొలిచారు, ఏది గెలిచింది, ఎవరు సరే అన్నారు. ఇవన్నీ కంపెనీ దగ్గర ఇప్పటికే ఉంటాయి, కొత్తగా రాయక్కర్లేదు. అవి కొన్నేళ్లు దాచి, అడిగితే ఇవ్వాలని ఒక్క రూలు పెడితే సగం స్క్రీన్లు మీటింగులోనే ఆగిపోతాయి. రేపు బయటపడే షీటు మీద సంతకం పెట్టడానికి ఏ మేనేజరూ ముందుకు రాడు.

బ్రాడీపేట బాబాయ్:
ఇన్నాళ్లకి ఒక పనికొచ్చే మాట విన్నాను.

వస్త్రలత వ్యాపారి:
పెద్దోళ్లకి సరే. మాలాంటివాళ్ల దగ్గర ఏ టెస్టూ ఉండదమ్మా, టెంప్లేటే ఉంటుంది. ఆ రికార్డుల రూలు మా నెత్తిన కూడా పెడితే సైటు మూసుకుని మళ్లీ కొట్లో కూర్చుంటాం.

పటమట పిక్సెల్:
మీకు కాదండీ. ఇన్ని లక్షల యూజర్లు దాటినవాళ్లకే అని గీత గీయొచ్చు. మీ విషయంలో టెంప్లేట్ అమ్మినవాణ్ని పట్టుకోవాలి. అబద్ధపు గడియారం డీఫాల్ట్‌గా పెట్టి వందమందికి అమ్ముతున్నది వాడే కదా.

గుంటూరు ఘాటు:
యూరప్‌లో అన్నీ నిషేధించారట కదా, అక్కడ ఆగాయా?

గవర్నర్‌పేట వకీలు:
వాళ్ల డిజిటల్ సర్వీసెస్ చట్టంలో ఆర్టికల్ 25 ఉంది. యూజర్ స్వేచ్ఛగా నిర్ణయం తీసుకోకుండా మభ్యపెట్టే డిజైన్ చేయకూడదని 2024 ఫిబ్రవరి నుంచి అన్ని ఆన్‌లైన్ ప్లాట్‌ఫారాలకీ వర్తిస్తోంది. మాయమైపోయాయని ఎవరూ అనరు. అమెరికాలో చేరినంత తేలిగ్గా రద్దు కూడా ఉండాలని ఎఫ్‌టీసీ 2024 అక్టోబరులో ఒక రూల్ చేసింది. పూర్తిగా అమల్లోకి రాకముందే 2025 జూలైలో అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. రూల్ చేసేముందు పాటించాల్సిన పద్ధతి పాటించలేదన్నది కారణం.

మన జాబితాలో ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ ఉంది. రద్దుని అసాధ్యంగానో, చాంతాడంత ప్రక్రియగానో చేయడం, ఆ ఆప్షన్ దాచేయడం, ఫ్రీ అంటూనే ఆటో డెబిట్‌కి వివరాలు లాక్కోవడం అన్నీ అందులోకి వస్తాయి. కాగితం మీద మనం ఎవరికీ తీసిపోం.

అమరావతి రోడ్డు అక్క:
భాష సంగతి ఎవరూ మాట్లాడలేదు. పిన్ కొట్టించుకునేదాకా తెలుగు, షరతులు ఇంగ్లీషు. ఇది 13లో ఉందా?

గవర్నర్‌పేట వకీలు:
విడిగా లేదండీ. కొంత సమాచారం ఎత్తి చూపి, మిగతాది కప్పిపెట్టి తప్పుదోవ పట్టిస్తే ‘ఇంటర్‌ఫేస్ ఇంటర్‌ఫియరెన్స్’ అన్నారు. దాని కిందికి తేవచ్చని నేను వాదిస్తాను. కానీ వాదించాల్సి రావడమే లోపం. ఏ భాషలో చేర్చుకున్నారో అదే భాషలో ధర, గడువు, రద్దు చూపాలని ఒక్క వాక్యం చేర్చితే సరిపోయేది.

బ్రాడీపేట బాబాయ్:
క్యాష్ ఆన్ డెలివరీకి అదనంగా తీసుకునేది కూడా...

మోడరేటర్:
బాబాయ్ గారూ, సీఓడీ ఛార్జీల మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడికి రండి. ఇక్కడ కంపెనీ పేర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. బహిరంగ ఉత్తర్వులు, కోర్టు కేసులు ఫర్వాలేదు. సొంత ఫిర్యాదుల్లో పేర్లు వద్దు.

కృష్ణలంక కుర్రోడు:
అందరికీ థాంక్స్. టికెట్ బుక్ చేసేటప్పుడు స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి ఉంచాను, గడియారం మళ్లీ మొదలవడం దాంట్లో స్పష్టంగా ఉంది. ఇప్పుడు ఎక్కడికి పోవాలి?

గవర్నర్‌పేట వకీలు:
రికార్డింగ్ ఉండటం చాలా మంచిది. అది లేకే ఈ కేసుల్లో ఓడిపోతారు. ఫిర్యాదు చేరేసరికి స్క్రీన్ మారిపోతుంది.

ముందు యాప్ గ్రీవెన్స్ ఆఫీసరుకి రాయండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. ఆ రోజే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి కూడా చెప్పండి. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు ఉత్తర్వులివ్వలేరు, కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. మీ 133 బహుశా అక్కడే వచ్చేస్తుంది.

అది మీ డబ్బు వరకే. మిగతావాళ్లకీ అలా చేయకుండా ఉండాలంటే సీసీపీఏకి వెళ్లాలి. చాలామందికి తెలియనిది, సెక్షన్ 17 ప్రకారం ఆ ఫిర్యాదు జిల్లా కలెక్టరుకి కూడా ఇవ్వొచ్చు. వినియోగదారులందరి హక్కులకి సంబంధించినదైతే కలెక్టరు విచారించి సీసీపీఏకి నివేదిక పంపొచ్చని సెక్షన్ 16 చెబుతోంది.

పరిహారం కూడా కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. కొన్న విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఈ-జాగృతి అనే ఆ కమిషన్ల పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు.

గుంటూరు ఘాటు:
సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి పోతే పట్టాదారు పాసుపుస్తకాల వాళ్లు వరండా దాకా నిలబడి ఉంటారు. వాళ్ల మధ్య ఈయన ఫోన్ పట్టుకుని ‘సార్, గడియారం మళ్లీ మొదలైంది’ అంటే బయటికి పంపిస్తారు.

గవర్నర్‌పేట వకీలు:
రాతపూర్వకంగా ఇచ్చి నంబరు తీసుకుంటే చాలు. ఆన్‌లైన్‌లో కూడా ఇవ్వొచ్చు. ఒక్కటి వస్తే పక్కన పెడతారు. ఒకే యాప్ మీద విజయవాడ నుంచి పది, గుంటూరు నుంచి పది వస్తే పెట్టలేరు.

అమరావతి రోడ్డు అక్క:
గుంటూరు నుంచి ఒకటి నాది రాసుకోండి. భక్తి యాప్‌ది, షరతుల స్క్రీన్‌షాట్లతో సహా. మా నాన్న పేరుతో ఇవ్వాలా, నా పేరుతోనా?

గవర్నర్‌పేట వకీలు:
డబ్బు ఎవరి ఖాతాలోంచి పోయిందో వాళ్ల పేరుతో. కింద నాన్నగారి సంతకం.

కృష్ణలంక కుర్రోడు:
నేను ఈ సోమవారం ఇస్తాను. రికార్డింగ్‌లో నా ఫోన్ నంబరు, పీఎన్‌ఆర్ కనిపిస్తున్నాయి, మసక చేయాలా?

గవర్నర్‌పేట వకీలు:
కలెక్టరుకిచ్చే దాంట్లో అలాగే ఉంచండి, ఏ టికెట్టో వాళ్లకి తెలియాలి. ఇక్కడ పెట్టేదాంట్లో మసక చేయండి. అసలు ఫైలు మాత్రం ఎడిట్ చేయొద్దు, కాపీ మీద చేసుకోండి.